పచ్చ టిక్కు పడింది, సర్వర్‌లో మాత్రం పాత కోడే: రిమోట్ స్క్రిప్టులు ఎక్కడ దారి తప్పుతాయి?

సర్వర్‌లోకి లాగిన్ అయి చేత్తో నడిపితే చక్కగా పనిచేసిన స్క్రిప్టు, అదే సర్వర్ మీద జెన్కిన్స్ నుంచో ఆన్సిబుల్ నుంచో (దూరం నుంచి సర్వర్లలో పనులు నడిపే ఆటోమేషన్ టూల్స్) నడిపితే ఆగిపోతుంది. అందరూ ముందు స్క్రిప్టులోనే తప్పు వెతుకుతారు. చాలాసార్లు అది అక్కడ దొరకదు. స్క్రిప్టు ఏ యూజర్ పేరుతో నడిచింది, ఏ షెల్‌లో (ఆదేశాలను చదివి నడిపే ప్రోగ్రాం), ఏ పాత్‌తో (ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా), దానికి టెర్మినల్ ఉందా లేదా అన్నవి చూస్తే సగం చిక్కులు అక్కడికక్కడే విడిపోతాయి. మిగతా సగం ఇంకా ప్రమాదకరమైనవి. పని మధ్యలో చెడిపోయినా టూల్ మాత్రం అంతా బాగుందని చెబుతుంది. ఎర్ర గుర్తు పడితే కనీసం ఎవరో ఒకరు లాగ్ తెరిచి చూస్తారు. పచ్చ గుర్తు పడితే ఎవరూ చూడరు.

ముందు ఎక్కడ తెగిందో తేల్చండి

రిమోట్ ఆదేశం ఒకటి నడవాలంటే నాలుగు మెట్లు దాటాలి: నెట్‌వర్క్, లాగిన్, షెల్, ఆ తర్వాత అసలు పని. ఏ మెట్టు మీద ఆగిందో తెలియకుండా ఏది మార్చినా అది గుడ్డి ప్రయత్నమే.

ఎగ్జిట్ కోడ్, అంటే ఆదేశం ముగిసేటప్పుడు ఇచ్చే సంఖ్య (సున్నా అయితే సక్సెస్), ఇక్కడ చాలా చెబుతుంది. దూరపు సర్వర్‌లోకి లాగిన్ చేయించే ఎస్‌ఎస్‌హెచ్ 255 ఇస్తే కనెక్షన్ దగ్గరో లాగిన్ దగ్గరో ఆగిందని, స్క్రిప్టు అసలు మొదలే కాకపోయి ఉండవచ్చని అర్థం. 127 అంటే ఆదేశం దొరకలేదు, అది దాదాపు ఎప్పుడూ పాత్ సమస్యే. 126 అంటే ఫైల్ ఉంది కానీ నడిపే అనుమతి లేదు. 137 వస్తే ఎవరో ప్రాసెస్‌ను బలవంతంగా చంపారు. మెమరీ నిండి కెర్నెలే చంపిందేమో ‘డీమెసేజ్’ అవుట్‌పుట్‌లో చూడాలి. 143 అయితే ఆగిపొమ్మని మర్యాదగా సంకేతం అందింది, సాధారణంగా టైమవుట్ వల్ల. ఆన్సిబుల్ కూడా ఈ తేడా చూపిస్తుంది. ‘అన్‌రీచబుల్’ అంటే మొదటి రెండు మెట్లు, ‘ఫెయిల్డ్’ అంటే తర్వాతి రెండు. ఈ రెండింటినీ ఒకే గాట కట్టి ‘ప్లేబుక్ (ఆన్సిబుల్ నడిపే పనుల ఫైల్) ఫెయిలైంది’ అని టికెట్ రాస్తే, దాన్ని అందుకున్నవాడు మళ్లీ మొదటి నుంచి వెతకాలి.

నెట్‌వర్క్ దగ్గర ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’, ‘టైమ్డ్ అవుట్’ ఒకటి కావు. సాధారణంగా మొదటిది మెషీన్ బదులిచ్చింది కానీ పోర్ట్ 22 మీద వినేవాళ్లు లేరని చెబుతుంది. రెండోదానిలో ప్యాకెట్లను దారిలో ఎవరో పారేస్తున్నారు, కాబట్టి ఫైర్‌వాల్ వైపో, క్లౌడ్ సెక్యూరిటీ గ్రూప్ వైపో చూడాలి.

లాగిన్ దగ్గర ఆగితే క్లయింట్ వైపు -వివివి పెట్టి చూడటం మంచిదే కానీ, అసలు కారణం సర్వర్ లాగ్‌లో ఉంటుంది. సర్వర్ కావాలనే క్లయింట్‌కు వివరాలు చెప్పదు. ఉబుంటు, డెబియన్‌లలో ఆథ్.లాగ్ (డెబియన్ 12 నుంచి డిఫాల్ట్‌గా జర్నల్), రెడ్ హ్యాట్ కుటుంబంలో సెక్యూర్ అనే ఫైల్ తెరిస్తే ఒక్క వాక్యంలో విషయం తేలిపోతుంది. తరచూ కనిపించేది పర్మిషన్ల గొడవ. .ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కు 700, ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌కు 600 ఉండాలి. ఆ రెండూ సరిగా ఉండి హోమ్ డైరెక్టరీకి గ్రూప్ రైట్ అనుమతి ఉన్నా కీని తిరస్కరిస్తుంది. ఇది చాలామంది దృష్టికి రాదు.

నిన్నటిదాకా పనిచేసిన కీ, సర్వర్‌ను ఉబుంటు 22.04కు మార్చగానే ఆగిపోయిందంటే మరో కారణం ఉంది. 2021లో వచ్చిన ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ 8.8, షా-1తో చేసే ఆర్‌ఎస్‌ఏ సంతకాలను డిఫాల్ట్‌గా ఆపేసింది. ఆర్‌ఎస్‌ఏ కీలో తప్పేమీ లేదు. పాత డిప్లాయ్‌మెంట్ టూల్‌లోని పాత పారమికో లేదా జేఎస్‌సీహెచ్ లైబ్రరీకి కొత్త సంతకం చేయడం రాదు. లైబ్రరీని అప్‌డేట్ చేయడం, లేదా టూల్‌కు వస్తే ఎడ్25519 కీ వాడటం సరైన మందు. సర్వర్‌లో పాత సంతకాన్ని మళ్లీ అనుమతించడం తాత్కాలికంగా పనిచేస్తుంది, కానీ ఆ లైన్‌ను తర్వాత తీసేసినవాళ్లు అరుదు.

ఇరవై సర్వర్లలో రెండు మూడు మాత్రమే, అదీ ప్రతిసారీ వేర్వేరువి ఫెయిలవుతుంటే మధ్యలో ఉన్న బాస్టియన్‌ను (బయటి కనెక్షన్లన్నీ ముందుగా వెళ్లే సర్వర్) అనుమానించాలి. ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్‌లో మ్యాక్స్‌స్టార్టప్స్ డిఫాల్ట్ విలువ 10:30:100. లాగిన్ పూర్తికాని కనెక్షన్లు 10కి చేరగానే కొత్తవాటిలో 30 శాతాన్ని యాదృచ్ఛికంగా తెంచేయడం మొదలుపెట్టి, 100 దగ్గర అన్నిటినీ తెంచేస్తుంది. ఆన్సిబుల్ ఫోర్క్స్ (ఒకేసారి పని జరిపే సర్వర్ల సంఖ్య) డిఫాల్ట్‌గా 5 కాబట్టి మొదట్లో ఇబ్బంది రాదు. పని వేగంగా జరగాలని దాన్ని 50కి పెంచిన రోజున వస్తుంది. అలాగే సర్వర్ ఒక్కో కనెక్షన్‌కు డిఫాల్ట్‌గా 6 ప్రయత్నాలే ఇస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్‌లో (కీలను దాచి అందించే ప్రోగ్రాం) ఎనిమిది కీలు ఉంటే సరైన కీ వంతు రాకముందే తలుపు మూసేస్తుంది. ‘ఐడెంటిటీస్‌ఓన్లీ’ని ఎస్ చేసి, వాడాల్సిన కీ పేరు చెప్పాలి.

చేత్తో నడిపితే నడుస్తుంది, టూల్ నడిపితే నడవదు

మనం లాగిన్ అయినప్పుడు వచ్చేది ఇంటరాక్టివ్ లాగిన్ షెల్. ఎస్‌ఎస్‌హెచ్ వెనకే ఆదేశం రాసి పంపితే వచ్చేది ఆ రెండూ కాదు. అప్పుడు .బాష్_ప్రొఫైల్ చదవదు. .బాష్‌ఆర్‌సి చదవడం మొదలుపెడుతుంది కానీ, ఉబుంటులో ఆ ఫైల్ మొదటి లైన్లలోనే ‘ఇంటరాక్టివ్ కాకపోతే వెనక్కి వెళ్లిపో’ అనే షరతు ఉంటుంది. నోడ్‌ను వేసే ఎన్‌వీఎం లాంటి ఇన్‌స్టాలర్లు తమ పాత్ లైన్లను అదే ఫైల్ అడుగున చేరుస్తాయి. లాగిన్ అయి చూస్తే నోడ్ ఉంటుంది. టూల్‌కు మాత్రం 127 వస్తుంది. నిర్ణీత సమయాలకు పనులు నడిపే క్రాన్‌లో పరిస్థితి ఇంకా ఇరుకు. ఉబుంటు, డెబియన్‌లలో యూజర్ క్రాన్‌ట్యాబ్‌కు దక్కే పాత్‌లో యూఎస్‌ఆర్ బిన్, బిన్ ఫోల్డర్లు తప్ప ఇంకేమీ ఉండవు.

దీన్ని ఊహించుకుంటూ కూర్చోవద్దు. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ‘ఎన్వ్’ ఆదేశం పంపి, వచ్చినదాన్ని ఒక ఫైల్‌లో పెట్టుకోవాలి. మామూలుగా లాగిన్ అయి అదే ఆదేశం అవుట్‌పుట్‌ను ఇంకో ఫైల్‌లో పెట్టి, రెండింటికీ డిఫ్ తీయాలి. తేడా కళ్లముందే ఉంటుంది. .బాష్‌ఆర్‌సిలో ఆ షరతును తీసేయడం పరిష్కారం కాదు. స్క్రిప్టే తనకు కావలసిన పాత్‌ను తన మొదటి లైన్లలో పెట్టుకోవాలి, లేదా ప్రోగ్రాములను పూర్తి దారితో పిలవాలి.

రూట్ అధికారంతో ఆదేశం నడిపే సుడో చేరితే ఇంకో పొర పడుతుంది. సుడో మన పాత్‌ను పక్కన పెట్టి, సుడోయర్స్‌లోని సెక్యూర్ పాత్‌ను వాడుతుంది. మనం ఎక్స్‌పోర్ట్ చేసిన వేరియబుల్స్‌లో ఎక్కువభాగాన్ని తుడిచేస్తుంది. పాస్‌వర్డ్ అడగాల్సి వస్తే, టెర్మినల్ లేకపోతే ఫెయిలవుతుంది, ఉంటే జవాబు కోసం వేలాడుతుంది. స్క్రిప్టులో సుడోకు -ఎన్ పెడితే అడగకుండా వెంటనే ఫెయిలవుతుంది, అరగంట వేలాడటం కన్నా అది ఎంతో నయం. సుడోతో ఎకో రాసి, అవుట్‌పుట్‌ను సిస్టమ్ ఫైల్‌లోకి మళ్లిస్తే ‘పర్మిషన్ డినైడ్’ రావడానికి కారణం వేరు. ఫైల్ తెరిచేది సుడో కాదు, దాన్ని పిలిచిన మామూలు షెల్. అక్కడ సుడోతో ‘టీ’ (వచ్చినదాన్ని ఫైల్‌లోకి కూడా రాసే ఆదేశం) వాడాలి.

విండోస్‌లో రాసి లినక్స్‌కు పంపిన స్క్రిప్టులో లైన్ చివర కనిపించని క్యారేజ్ రిటర్న్ ఉండిపోతే ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అనో, ‘అలాంటి ఫైల్ లేదు’ అనో వస్తుంది. ఎదురుగా ఫైల్ కనిపిస్తుంటే అది లేదని చెప్పడం గందరగోళంగానే ఉంటుంది. గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైల్‌లో షెల్ స్క్రిప్టులకు ఎల్‌ఎఫ్ అని ఒకసారి నిర్ణయిస్తే ఈ బాధ తీరిపోతుంది.

కోట్స్, స్టాండర్డ్ ఇన్‌పుట్

ఎస్‌ఎస్‌హెచ్‌కు ఇచ్చిన ఆదేశాన్ని రెండు షెల్‌లు చదువుతాయి, ముందు మనది, తర్వాత అవతలిది. డబుల్ కోట్స్‌లో రాసిన వేరియబుల్ మన మెషీన్‌లోనే విలువగా మారిపోయి వెళుతుంది. సర్వర్ హోస్ట్‌నేమ్ అడిగితే జెన్కిన్స్ మెషీన్ పేరు రావడం ఇందువల్లే. అది హానిలేని ఉదాహరణ. డైరెక్టరీ పేరున్న వేరియబుల్ మన దగ్గర సెట్టే కాకుండా ఉండి, దాని వెనక స్లాష్, నక్షత్రం గుర్తు పెట్టి ఆర్‌ఎం -ఆర్‌ఎఫ్ రాసి ఉంటే, సర్వర్‌కు చేరేది రూట్‌లో ఉన్నదంతా తుడిచేయమనే ఆదేశం. ‘సెట్ -యు’ పెట్టకుండా ఇలాంటి లైన్ రాయకూడదు. రెండు మూడు లైన్లు దాటిన పనికి కోట్స్‌తో కుస్తీ మానేసి, స్క్రిప్టును ఫైల్‌గా కాపీ చేసి అక్కడ నడపడమే మేలు.

‘బాష్ -ఎస్’కు స్క్రిప్టును స్టాండర్డ్ ఇన్‌పుట్‌లో పంపే పద్ధతిలో ఇంకో గొయ్యి ఉంది. స్క్రిప్టు మధ్యలో ఇన్‌పుట్ చదివే ప్రోగ్రాం ఏదైనా ఉంటే, ఉదాహరణకు ‘డాకర్ ఎగ్జిక్ -ఐ’ లేదా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, అది మిగిలిన స్క్రిప్టు లైన్లనే తన ఇన్‌పుట్ అనుకుని మింగేస్తుంది. బాష్‌కు చదవడానికి ఇంకేమీ మిగలదు, సున్నా ఎగ్జిట్ కోడ్‌తో ముగుస్తుంది. ఎర్రర్ ఉండదు, సగం పనే జరుగుతుంది. ఇదే గుణం లూప్‌లో కూడా కనిపిస్తుంది. సర్వర్ల జాబితాను ‘వైల్ రీడ్’తో ఒక్కో లైన్ చదువుతూ లోపల ఎస్‌ఎస్‌హెచ్ పిలిస్తే, మొదటి సర్వర్ మీద మాత్రమే పని జరిగి లూప్ ముగిసిపోతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కు -ఎన్ ఇస్తే చాలు.

నోహప్ పెట్టి, ఆంపర్సాండ్ పెట్టి బ్యాక్‌గ్రౌండ్‌లోకి పంపినా ఎస్‌ఎస్‌హెచ్ వెనక్కి రాకపోతే, ఆ ప్రాసెస్ చేతిలో ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్ గొట్టాలు ఇంకా తెరిచే ఉన్నాయని అర్థం. మూడింటినీ మళ్లించాలి. సిస్టమ్‌డి ఉన్న సర్వర్‌లో ‘సిస్టమ్‌డి-రన్’ వాడితే లాగ్ కూడా జర్నల్‌లో పదిలంగా ఉంటుంది.

సున్నా అంటే సక్సెస్ అని ఎవరు చెప్పారు?

డిప్లాయ్ స్క్రిప్టుల్లో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే లైన్, చూడటానికి అమాయకంగా ఉండే ‘బిల్డ్ పైప్ టీ లాగ్’. పైప్ ఎగ్జిట్ కోడ్ చివరి ఆదేశానిది. బిల్డ్ కూలిపోయినా టీ తన పని తాను సరిగ్గా చేసింది కాబట్టి సున్నా వస్తుంది. ‘సెట్ -ఓ పైప్‌ఫెయిల్’ దీనికి మందు. అయితే ఆన్సిబుల్ షెల్ మాడ్యూల్ డిఫాల్ట్‌గా బిన్ ఎస్‌హెచ్ వాడుతుంది, ఉబుంటులో అది డ్యాష్. ఉబుంటు 22.04 లాంటి విడుదలల్లోని డ్యాష్‌కు పైప్‌ఫెయిల్ తెలియదు, ‘ఇల్లీగల్ ఆప్షన్’ అంటుంది. ఆ టాస్క్‌కు ఎగ్జిక్యూటబుల్‌గా బాష్‌ను చెప్పాలి.

‘సెట్ -ఇ’ని నమ్ముకోవడంలోనూ జాగ్రత్త కావాలి. ఇఫ్ షరతులోనో, ‘లేదా’ గుర్తుకు ఎడమవైపో ఫంక్షన్‌ను పిలిస్తే, ఆ ఫంక్షన్ లోపల ఎంత లోతుకు వెళ్లినా -ఇ పనిచేయదు. లోకల్ వేరియబుల్‌ను ప్రకటిస్తూ అదే లైన్‌లో ఆదేశం ఫలితాన్ని నింపితే, మిగిలేది ‘లోకల్’ ఎగ్జిట్ కోడ్, అది సున్నా. ప్రకటన ఒక లైన్, విలువ ఇంకో లైన్ రాయాలి.

జెన్కిన్స్ ఎస్‌హెచ్ స్టెప్‌లో -ఇ డిఫాల్ట్‌గానే ఉంటుంది. గిట్‌హబ్ యాక్షన్స్ లినక్స్ రన్నర్లలో షెల్ పేరు చెప్పకపోతే -ఇ మాత్రమే వస్తుంది. షెల్‌ను బాష్ అని స్పష్టంగా రాస్తే పైప్‌ఫెయిల్ కూడా చేరుతుంది. కానీ ఇవేవీ ఎస్‌ఎస్‌హెచ్ దాటి అవతలికి వెళ్లవు. హియర్‌డాక్‌లో (స్క్రిప్టులోనే అనేక లైన్లుగా రాసే ఇన్‌పుట్) రాసి పంపిన పది లైన్లలో మూడోది ఫెయిలైనా, పదోది ఎకో అయితే చాలు, మొత్తం సక్సెస్. అవతలికి పంపే ప్రతి ముక్క మొదట్లోనూ ఆ సెట్టింగులు విడిగా రాయాల్సిందే.

సర్వీసును రీస్టార్ట్ చేసే లైన్ కూడా ఇంతే. సర్వీసు టైప్ ‘సింపుల్’ అయితే, ప్రాసెస్ పుట్టగానే సిస్టమ్‌సీటీఎల్ సక్సెస్ అనేస్తుంది. రెండు సెకన్ల తర్వాత డేటాబేస్ పాస్‌వర్డ్ తప్పని అది చచ్చిపోయినా డిప్లాయ్ పచ్చగానే ఉంటుంది.

ఇక సింబాలిక్ లింకు. ‘కరెంట్’ అనే లింకును కొత్త రిలీజ్ ఫోల్డర్‌కు తిప్పడం చాలామంది వాడే పద్ధతి. ‘ఎల్ఎన్ -ఎస్‌ఎఫ్’ అని రాస్తే లింకు తిరగదు. కరెంట్ అప్పటికే ఒక డైరెక్టరీని చూపిస్తోంది కాబట్టి, కొత్త లింకు ఆ పాత రిలీజ్ లోపల పుడుతుంది, సున్నా వస్తుంది. ‘-ఎస్‌ఎఫ్‌ఎన్’ అని ఎన్ చేర్చాలి. లింకు సరిగా తిరిగినా, ముందు నుంచి నడుస్తున్న ప్రాసెస్ పాత ఫోల్డర్‌లోనే ఉంటుంది, దాన్ని రీలోడ్ చేయాలి.

ఆన్సిబుల్ రెండోసారి పచ్చగా రావడం

ఆన్సిబుల్‌లో హ్యాండ్లర్ల (ఏదైనా మారితేనే నడిచే పనులు) విషయం విడిగా చెప్పుకోవాలి. కాన్ఫిగ్ ఫైల్ మారితే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌ను రీలోడ్ చేయమని హ్యాండ్లర్ రాశారు. ఫైల్ మారింది, హ్యాండ్లర్ వరుసలో చేరింది. హ్యాండ్లర్లు నడిచేది ప్లే చివర. ఈలోగా వేరే టాస్క్ ఫెయిలై ఆ సర్వర్ ప్లే నుంచి తప్పుకుంది. తప్పు సరిచేసి మళ్లీ నడిపితే, ఫైల్ ఇప్పటికే మారి ఉంది కాబట్టి ‘ఓకే’ అంటుంది, ‘చేంజ్డ్’ అనదు. హ్యాండ్లర్‌ను ఎవరూ పిలవరు. రెండో రన్ మొత్తం పచ్చగా ముగుస్తుంది, ఎన్‌జిన్‌ఎక్స్ మాత్రం పాత కాన్ఫిగ్‌తోనే నడుస్తుంటుంది. ‘ఫోర్స్ హ్యాండ్లర్స్’ను ఆన్ చేయడం, లేదా కాన్ఫిగ్ టాస్కుల వెనకే ‘ఫ్లష్ హ్యాండ్లర్స్’ పెట్టడం దీనికి దారి.

కమాండ్ మాడ్యూల్‌లో పైప్, రీడైరెక్షన్ పనిచేయవు, అందుకు షెల్ మాడ్యూల్ కావాలి. రూట్ కాని యూజర్‌గా లాగిన్ అయి, రూట్ కాని మరో యూజర్‌గా మారితే తాత్కాలిక ఫైళ్ల పర్మిషన్ ఎర్రర్ వస్తుంది. టార్గెట్‌లో ఏసీఎల్ ప్యాకేజీ వేస్తే చాలాసార్లు పోతుంది. కంట్రోల్ మెషీన్‌లో ఆన్సిబుల్-కోర్ 2.17కు వెళ్లేవాళ్లు పాత సర్వర్లను గుర్తుపెట్టుకోవాలి. ఆ వెర్షన్ టార్గెట్లలో పైథాన్ 2.7, 3.6లకు మద్దతు ఆపేసింది. రెడ్ హ్యాట్ 8లో ప్యాకేజీలు వేసే డీఎన్‌ఎఫ్ లైబ్రరీలు 3.6తోనే ముడిపడి ఉన్నాయి కాబట్టి, కొత్త పైథాన్ వేసినా డీఎన్‌ఎఫ్ మాడ్యూల్ నడవదు.

అప్పుడే పుట్టిన ఉబుంటు క్లౌడ్ సర్వర్‌లో ఏపీటీ (ప్యాకేజీలు వేసే టూల్) లాక్ ఎర్రర్ వస్తే, వెనక క్లౌడ్-ఇనిట్ లేదా ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తోంది. లాక్ ఫైల్‌ను తుడిచేయడం ప్యాకేజీల డేటాబేస్‌ను పాడుచేసే పని. ‘క్లౌడ్-ఇనిట్ స్టేటస్’కు ‘వెయిట్’ ఇచ్చి ఆగాలి.

విండోస్ వైపు

విండోస్‌లో ఇన్‌స్టాలర్ గంటసేపు నడుస్తూనే ఉందంటే, ఎవరికీ కనిపించని చోట ఒక డైలాగ్ బాక్స్ ఓకే కోసం ఎదురుచూస్తోందని అనుమానించాలి. విస్టా నుంచి సర్వీసులు సెషన్ 0లో విడిగా నడుస్తాయి, అక్కడి విండో యూజర్ తెర మీదకు రాదు. సైలెంట్ ఆప్షన్ ఇచ్చారో లేదో ముందు చూడాలి. ఎంఎస్‌ఐ అయితే వివరమైన లాగ్ తీయించి, అందులో ‘రిటర్న్ వాల్యూ 3’ అని వెతికితే అసలు తప్పు దానికి కొంచెం పైనే ఉంటుంది. 1603 అనే కోడ్ ఒక్కటే ఏమీ చెప్పదు. 1618 అంటే వేరే ఇన్‌స్టాలేషన్ నడుస్తోంది, కాసేపాగి ప్రయత్నించాలి. 3010 ఫెయిల్యూర్ కాదు, పని అయింది, రీబూట్ కావాలి. రోబోకాపీ 8 కన్నా తక్కువ ఏ కోడ్ ఇచ్చినా కాపీ ఫెయిల్ కాలేదనే అర్థం, 1 అంటే ఫైళ్లు కాపీ అయ్యాయని. ఈ కోడ్‌లను టూల్‌లో సక్సెస్ జాబితాలో చేర్చకపోతే మంచి డిప్లాయ్‌మెంట్లు ఎర్రగా కనిపిస్తాయి.

సిస్టమ్ ఖాతాతో నడిచే స్క్రిప్టుకు యూజర్ మ్యాప్ చేసుకున్న జెడ్ డ్రైవ్ కనిపించదు. అది నెట్‌వర్క్‌లోకి కంప్యూటర్ ఖాతాగా వెళుతుంది, కాబట్టి షేర్ మీద డొమైన్ కంప్యూటర్స్‌కు రీడ్ అనుమతి ఇచ్చి, పూర్తి షేర్ దారి రాయాలి. విన్ఆర్ఎం (విండోస్ రిమోట్ ఆదేశాల సేవ) ద్వారా ఒక మెషీన్‌లోకి వెళ్లి అక్కడి నుంచి మూడో మెషీన్ షేర్ తెరిస్తే ‘యాక్సెస్ డినైడ్’ వస్తుంది, మన ఆధారాలు రెండో అడుగుకు వెళ్లవు. ఫైళ్లను ముందే టార్గెట్‌కు కాపీ చేయడం అన్నిటికన్నా శుభ్రమైన దారి. పవర్‌షెల్‌లో ఎర్రర్‌యాక్షన్‌ను ‘స్టాప్’ చేసినా అది బయటి ఈఎక్స్ఈల ఎగ్జిట్ కోడ్‌ను సాధారణంగా పట్టించుకోదు. ప్రతి పిలుపు తర్వాత ‘లాస్ట్‌ఎగ్జిట్‌కోడ్’ను చూడాలి.

ఎనిమిదిలో ఒకటి

ఒక్క సర్వర్ మిగిలిపోతే ఏమవుతుందో అమెరికా షేర్ మార్కెట్‌లోని నైట్ క్యాపిటల్ ఉదంతం చూపిస్తుంది. 2012 జులై చివర్లో ఆ సంస్థ తన ఆర్డర్ రూటింగ్ వ్యవస్థలోని ఎనిమిది సర్వర్లకు కొత్త కోడ్‌ను విడతలుగా పంపింది. టెక్నీషియన్ ఒకరు దాన్ని ఒక సర్వర్‌లో వేయలేదు. రెండో వ్యక్తి సరిచూసే పద్ధతి లేదు. కొత్త కోడ్ వాడుకున్న ఫ్లాగ్ (ఒక పనిని ఆన్ చేసే గుర్తు), 2003 నుంచి వాడకంలో లేని ‘పవర్ పెగ్’ అనే పాత కోడ్‌ది. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే ఎనిమిదో సర్వర్‌లో ఆ పాత కోడ్ లేచింది. దాదాపు 45 నిమిషాల్లో 212 ఆర్డర్లకు 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగాయి, నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. 2013 అక్టోబర్‌లో అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ విధించిన జరిమానా 1.2 కోట్ల డాలర్లు.

ఎస్‌ఈసీ ఉత్తర్వులోని రెండు సంగతులు డిప్లాయ్‌మెంట్ చేసేవాళ్లు తప్పక చదవాలి. మార్కెట్ తెరవకముందే వ్యవస్థ ఆ ఎర్రర్ గురించి 97 ఈమెయిళ్లు పంపింది. అవి హెచ్చరికలుగా రూపొందించినవి కావు, ఎవరూ పట్టించుకోలేదు. రెండోది, గందరగోళం నడుస్తుండగా కొత్త కోడే తప్పనుకుని దాన్ని మిగతా ఏడు సర్వర్ల నుంచి తీసేశారు. దాంతో ఏడింటిలోనూ పాత కోడ్ లేచి నష్టం ఇంకా పెరిగింది. ఏ సర్వర్‌లో ఏ వెర్షన్ ఉందో తెలియకుండా రోల్‌బ్యాక్ చేయడం ఇంత ప్రమాదం.

కాబట్టి డిప్లాయ్ చివరి స్టెప్‌గా, నడుస్తున్న ప్రాసెస్ నుంచే వెర్షన్ లేదా కమిట్ హ్యాష్ అడిగే చెక్ ఉండాలి. డిస్క్ మీద ఫైల్‌ను చూస్తే సరిపోదు. ఆ చెక్ చేయాల్సిన సర్వర్ల జాబితా డిప్లాయ్ టూల్ ఇచ్చినది కాకూడదు, లోడ్ బ్యాలెన్సర్ నుంచో క్లౌడ్ ఏపీఐ నుంచో రావాలి. టూల్‌కు తెలియని సర్వర్‌ను టూల్ ఎలాగూ చెక్ చేయదు. సంఖ్య ఒక్కటి తగ్గినా డిప్లాయ్ ఫెయిల్ అనాలి. ఆటోస్కేలింగ్ ఉన్నచోట ఇదే చెక్‌ను పావుగంటకోసారి విడిగా నడపాలి. పాత ఇమేజ్ నుంచి పుట్టే సర్వర్ డిప్లాయ్ ముగిసిన ఎంతసేపటికైనా రావచ్చు, దాంతోపాటు పాత కోడ్ కూడా వస్తుంది.